విరేచనం మాత్ర పెంచే ముందు

చిరంజీవి అమ్మాయికి, మేనత్త ఆశీస్సులు.

"రోజూ మాత్ర వేస్తున్నా నాన్నకు అయిదు రోజులుగా విరేచనం కాలేదు, ఇంకొకటి పెంచనా?" అని నిన్న ఫోనులో అడిగావు. పెంచకు. నువ్వు పంపిన ఫొటోలో మంచం మీద పరిచిన మందుల అట్టలు లెక్కపెట్టాను. తొమ్మిది. విరేచనానికి ఇచ్చింది ఒక్కటి, దానికి ఎదురు పనిచేసేవి నాలుగు!

మొదటిది నొప్పికి వేసే మార్ఫినే. దానివల్ల వచ్చే మగత, వికారం కొన్నాళ్లకు తగ్గుతాయి కానీ పేగు మాత్రం దానికి అలవాటు పడదు. మార్ఫిన్ ఉన్నన్నాళ్లూ విరేచనం మందు ఉండాల్సిందే. అలాగని మార్ఫిన్ తగ్గించే ఆలోచన చేయకు, అన్నయ్య రాత్రిళ్లు నిద్రపోతున్నది దాని పుణ్యమే.

కాళ్ల మంటలకు రాత్రి వేసే అమిట్రిప్టిలిన్ రెండోది. మాటిమాటికీ నాలుకతో పెదవులు తడుపుకుంటున్నాడన్నావే, నోటిని ఎండగట్టే ఆ మందే పేగునూ మందగింపజేస్తుంది. మూడోది వాంతులకు రాసిన ఒండాన్‌సెట్రాన్. వాంతులు ఆగి వారమైనా మూడు పూటలా ఎందుకు పడుతోంది? ఎవరూ ఆపమనలేదు కనుక! నాలుగోది ఐరన్. వీటిలో దేన్నీ నీ అంతట నువ్వు మానిపించకు. ఏది ఆపవచ్చో, ఏది మార్చవచ్చో డాక్టరునే అడుగు.

ఇక విరేచనానికి ఇచ్చిన ఆ ఒక్క బిసాకోడిల్ మాత్రనైనా సరిగా పనిచేయనిస్తున్నావా? గోరువెచ్చని పాలతో మింగించి, వెంటనే గ్యాస్ సిరప్ తాగిస్తున్నావు. దాని మీద ఉన్న పూత పేగులోకి చేరాకే కరగాలి. పాలు, గ్యాస్ మందు పొట్టలోని ఆమ్లాన్ని తగ్గించేస్తే అక్కడే కరిగిపోతుంది. అన్నయ్యకు పొట్టలో మెలిపెట్టినట్టుందన్నది బహుశా ఇందుకే. నీళ్లతో ఇవ్వు, ఆ రెండింటికీ దానికీ కనీసం గంట ఎడం ఉంచు, మాత్రను నూరకు. రాత్రి వేస్తే ఆరు నుంచి పన్నెండు గంటల్లో పని చేస్తుంది.

పక్కింటావిడ చెప్పిన ఇసబ్గోల్ వద్దు. రోజుకు నాలుగు గ్లాసుల నీళ్లు కూడా తాగని మనిషికి, పైగా పేగు మందగించినప్పుడు, అది ముద్దకట్టి అడ్డం పడుతుంది. మీ తమ్ముడు అమెరికా నుంచి పంపుతానన్న నలాక్సెగాల్ మంచి మందే, మార్ఫిన్ ప్రభావాన్ని పేగు దగ్గరే అడ్డుకుంటుంది. కానీ క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయోటిక్, ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందు లాంటివి వాడేవారికి అది అసలు ఇవ్వకూడదు, రక్తంలో దాని మోతాదు బాగా పెరిగిపోతుంది. పేగులో అడ్డం ఉందన్న అనుమానమున్నా ఇవ్వకూడదు. మనవాళ్లు పార్సిల్ అందగానే మింగించేస్తారు, అదే నా భయం.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. వార్డులో నర్సుగా నేను కొత్తగా చేరిన రోజుల్లో, మార్ఫిన్ మీద ఉన్న ఒక పెద్దాయనకు దుప్పటి తడిసేలా నీళ్లగా పోయింది. విరేచనాలు పట్టుకున్నాయని పైవాళ్లకు చెప్పాను. విరేచనాలు కట్టే లోపెరమైడ్ రాశారు, నేనే వేశాను. రెండో రోజుకు పొట్ట డోలులా బిగిసింది. అప్పుడు పరీక్షిస్తే కింద మలం రాయిలా గట్టిపడి ఉంది, దాని పక్కల నుంచి నీళ్లు జారుతున్నాయి. లోపెరమైడ్ మార్ఫిన్ జాతి మందేనని, పేగును ఇంకా బిగిస్తుందని నాకు ఆ రోజే తెలిసింది. అన్నయ్యకు హఠాత్తుగా నీళ్లగా పోతే "అమ్మయ్య, అయింది" అనుకోకు, లోపెరమైడ్ మాత్రం వేయకు.

అయిదు రోజులంటే ఆగవలసిన పని లేదు, రేపు ఉదయమే డాక్టరు దగ్గరికి వెళ్లు. ఈలోగా వాంతులైనా, పొట్ట ఉబ్బినా, అపానవాయువు కూడా పోకపోయినా ఈ రాత్రికే తీసుకెళ్లు. చీటీ ఒక్కటే కాదు, ఆ తొమ్మిది అట్టలూ, గ్యాస్ సిరప్ సీసా కూడా సంచిలో వేసుకో. వదిన రహస్యంగా ఇస్తున్న త్రిఫల చూర్ణం డబ్బా కూడా.

ఇట్లు
మీ మేనత్త