మలపరీక్షలో ఏమీ లేదన్నారు, మరి ఈసినోఫిల్స్ ఎందుకు ఎక్కువ?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు, వ్యవసాయం చేస్తాను. రెండేళ్లుగా కడుపులో మంట, అప్పుడప్పుడు విరేచనాలు, నడుం కింద దురద. ఈసినోఫిల్స్ 18 శాతం ఉన్నాయి. మలపరీక్షలో ఏమీ లేదన్నారు. ఆయాసం వచ్చినప్పుడు మెడికల్ షాపులో ఇచ్చే చిన్న మాత్రలు వేసుకుంటే దురద కూడా తగ్గుతోంది. ఏ ఆహారం మానెయ్యాలి?
– ఒక పాఠకుడు

సలహా: వంకాయ మానేసినంత మాత్రాన ఈసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) తగ్గవు. ఆహారం సంగతి తర్వాత, ముందు ఆ చిన్న మాత్రలేమిటి? పేరు రాయలేదు గానీ, ఆయాసం, దురద రెండూ చప్పున తగ్గుతున్నాయంటే స్టెరాయిడ్లు అయ్యుండొచ్చు.

పొలంలో చెప్పుల్లేకుండా తిరిగేవారికి మట్టిలోంచి చర్మం ద్వారా స్ట్రాంగిలాయిడిస్ అనే సన్నటి పురుగు సోకుతుంది. మళ్లీ బయటినుంచి సోకకపోయినా ఒంట్లోనే సంతతి పెంచుకుంటూ ఏళ్ల తరబడి ఉండిపోతుంది. రెండో ప్రపంచయుద్ధంలో బర్మా రైలుమార్గం పనిలో పెట్టిన సైనిక ఖైదీల్లో 30 ఏళ్లు దాటాక కూడా ఇది బయటపడింది. ఇది ఉన్నవాళ్లు స్టెరాయిడ్లు వాడితే పురుగు అదుపు తప్పి ఊపిరితిత్తులకు, మెదడుకు పాకవచ్చు. పేగుల్లోని బ్యాక్టీరియా రక్తంలో కలిసి ప్రాణం మీదికి వస్తుంది. పైగా స్టెరాయిడ్లు ఈసినోఫిల్స్‌ను తగ్గించి చూపిస్తాయి. రిపోర్టు బాగుందని మీరు సంతోషిస్తారు, లోపల పురుగు పెరుగుతుంటుంది.

మీకు ఇదే ఉందని ఉత్తరం చూసి చెప్పలేను. అలర్జీ, ఫైలేరియా (బోదకాలు), కొన్ని మందుల వల్ల కూడా ఈసినోఫిల్స్ పెరుగుతాయి. కానీ ఒక్క మలపరీక్ష చూసి పురుగు లేదనుకోవద్దు. దీని గుడ్లు పేగులోనే పగిలిపోతాయి, మలంలో వచ్చేవి లార్వాలు, అంటే పిల్ల పురుగులు. అవీ కొద్దిగానే, ఒకరోజు వస్తే ఇంకోరోజు రావు. అందుకే వేర్వేరు రోజుల్లో కనీసం మూడు నమూనాలు ఇవ్వండి. తాజాగా, వెంటనే ఇవ్వాలి, ఫ్రిజ్‌లో పెట్టకూడదు. స్ట్రాంగిలాయిడిస్ అనుమానమని చీటీ మీద రాయించుకుంటే ల్యాబ్ వాళ్లు దానికోసం వెతుకుతారు. పెద్ద ల్యాబుల్లో అగార్ ప్లేట్ కల్చర్ చేస్తారు, అంటే జెల్లీ లాంటి పదార్థం పోసిన ప్లేట్‌లో మలం ఉంచి చూస్తారు. లార్వాలు బతికుంటేనే ప్లేట్ మీద పాకిన జాడ కనబడుతుంది. రక్తంలో యాంటీబాడీల ఎలైసా పరీక్ష కూడా ఉంది. ఫైలేరియా ఉన్నా అది పాజిటివ్ రావచ్చు, రోగనిరోధక శక్తి తగ్గినవారిలో నెగెటివ్ రావచ్చు. కాబట్టి ఫలితాన్ని డాక్టరే చూడాలి.

తేలితే సాధారణంగా ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు ఇస్తాం, మోతాదు బరువును బట్టి. ఆల్బెండజోల్ ఒక్క మాత్రతో ఇది పోతుందనుకోకండి. ఇవీ షాపులో అడిగి తెచ్చుకోవద్దు, దయచేసి! రెండేళ్లుగా చేసింది చాలు.

చాలాకాలంగా వాడుతుంటే ఆ చిన్న మాత్రలు మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి, అదీ ప్రమాదమే. స్ట్రిప్ పట్టుకుని ఈ వారంలోనే ఫిజీషియన్‌ను కలవండి. జ్వరం, విడవని వాంతులు, తీవ్రమైన ఆయాసం, మత్తు ఉంటే అప్పటిదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.