పిల్లలకు ప్రార్థన నేర్పడం గురించి మా అమ్మాయికి

ప్రియమైన అమ్మాయికి,

నీకు, అల్లుడుగారికి ప్రభువు పేరిట వందనాలు. పిల్లలిద్దరికీ ముద్దులు.

రాత్రి కుటుంబ ప్రార్థనలో పిల్లలు కుదురుగా కూర్చోవడం లేదని, బైబిల్ తీయగానే చిన్నోడు మంచం కిందికి దూరుతున్నాడని ఫోన్‌లో బాధపడ్డావు. ఎంతసేపు చేస్తున్నారంటే ముప్పావుగంట అన్నావు. నాలుగేళ్ల పిల్లాడికి అది చాలా ఎక్కువమ్మా. మీ ఇద్దరి ప్రార్థన మీరు విడిగా చేసుకోండి. పిల్లలతో చేసేది పది నిమిషాలు దాటనివ్వకు. కానీ ఆ పది నిమిషాలు మాత్రం రోజూ ఉండాలి. చుట్టాలొచ్చినా, కరెంటు పోయినా ఉండాలి. మీరు ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికే ఎనిమిదిన్నర అవుతుంది కాబట్టి అన్నాలకు ముందే కానిచ్చేయండి. తిన్నాక అయితే వాడు నిద్రకు తూలిపోతాడు.

ముందు పాట పాడండి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పిల్లలకు ఎక్కడ వస్తాయిలే అనుకోకు. పురుషోత్తమ చౌదరిగారి లాంటి పెద్దలు వాటిని రాగతాళాలతో, పల్లవి చరణాలతో మన పాటల్లాగే కట్టారు. పల్లవి పిల్లలది, చరణాలు మీవి అని పంచుకోండి. తాళం వేసే పని చిన్నోడికి అప్పగించు. ఒకే కీర్తన నెలంతా పాడితే చదవడం రాని పిల్లలకైనా నోటికి వచ్చేస్తుంది. తర్వాత వాక్యం ఒక్కటి చాలు. అధ్యాయమంతా చదవొద్దు. సండే స్కూల్లో ఇచ్చిన కంఠత వాక్యాన్నే వారమంతా చెప్పించు.

ఆ తర్వాత వచ్చేదే అసలైనది. ప్రతి ఒక్కరూ తమ మాటల్లో దేవుడితో ఒక్క ముక్క మాట్లాడాలి. మొదట మీరే మాట్లాడండి. పిల్లలకు అర్థమయ్యే సంగతే చెప్పండి: "ప్రభువా, ఈరోజు ఆఫీసులో చాలా టెన్షన్ పడ్డాను. ఇంటికొచ్చి పిల్లల మీద విసుక్కున్నాను. క్షమించు." అమ్మ కూడా క్షమాపణ అడుగుతుందని పిల్లలు అక్కడ చూస్తారు. గుడిలో పాస్టరుగారి ప్రార్థనను వాళ్లు వింటారు గానీ, దేవుడు మనింటి సంగతులు పట్టించుకునేవాడని తెలిసేది మీ నోటి నుంచే.

పిల్లలు ఏం మాట్లాడినా దిద్దకు, నవ్వకు. ఇది మరీ మరీ చెబుతున్నాను. మా మనవడు ఐదేళ్లప్పుడు ఒక రాత్రి ఒక కన్ను మూసి, ఇంకో కంటితో చెల్లెల్ని చూసుకుంటూ, "ప్రభువా, ఆటో అంకుల్ కాలు తగ్గాలి. రేపు మా లెక్కల టీచరు రాకూడదు. బల్లి నా మీద పడకూడదు. ఆమెన్" అన్నాడు. ఇంట్లో ఉన్న చుట్టం ఒకాయన పగలబడి నవ్వాడు. వాడు ముఖం ఎర్రగా చేసుకుని అమ్మ చీర చాటుకు పోయాడు. ఆ తర్వాత చాలా రోజులు నోరు విప్పలేదు. మేమెవరం బలవంతం చేయలేదు. రోజూ మా ప్రార్థన అయ్యాక, ఆమెన్ చెప్పే పని నీదిరా అనేవాళ్లం. ఆ ఒక్క మాటతో మొదలై మళ్లీ దారిలో పడ్డాడు. ఆటో అంకుల్ కాలు గురించి ముందు అడిగాడు చూడు, ఆ పసి మనసులో ఎంత దయ ఉందో!

అలాగే, ఇంటికెవరొచ్చినా "ఏదీ, ఆంటీకి ప్రార్థన చేసి చూపించు" అనకు. అల్లరి చేస్తే "దేవుడు కళ్లు పొడుస్తాడు" అనే మాట మీ ఇంట్లో వినపడకూడదు. మోకాళ్ల మీద కూర్చోబెట్టడం శిక్ష కాకూడదు. మోకరించేది ప్రార్థనకే అని వాళ్లకు తెలియాలి.

యేసు నేర్పిన పరలోక ప్రార్థన గ్రాంథికంలో ఉంటుంది కాబట్టి పిల్లలు చిలకల్లా అప్పజెబుతారు. వారానికొక వాక్యం తీసుకుని విడమరచి చెప్పు. "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అన్న వారం పాపనే బియ్యం కొలిచి పోయమను. ఈ పూట అన్నం లేని పిల్లల గురించి మాట్లాడు. కంఠతా రావడం మంచిదే. ఒంట్లో బాగోలేనప్పుడు, సొంత మాటలు దొరకనప్పుడు పెద్దవాళ్లకైనా బైబిల్లోని ఇరవై మూడో కీర్తనే ఆసరా. పాప స్కూల్లో నేర్చుకున్న ఇంగ్లీషు ప్రార్థన చెబితే చెప్పనీ. దేవుడికి ఏ భాషైనా ఒకటే.

బైబిల్లో ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలో దేవుని మాటల గురించి ఇంట కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పండుకునేటప్పుడు, లేచేటప్పుడు పిల్లలతో మాట్లాడమని ఉంది కదా. అంబులెన్స్ సైరన్ వినిపిస్తే బండి మీదే "ప్రభువా, అందులో ఉన్నవాళ్లను కాపాడు" అనండి. ఆదివారం కానుక చిన్నోడి చేతే సంచిలో వేయించు.

ఇంకో కష్టమైన మాట. పిల్లలు ఒకరోజు, "తాతయ్య కోసం ప్రార్థన చేశాం కదా, ఎందుకు చనిపోయాడు?" అని అడుగుతారు. నీకు విశ్వాసం చాలలేదనో, సరిగా చేయలేదనో పసివాళ్ల మీదికి నెట్టకండి. నాకు తెలియదమ్మా అని చెప్పు. స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్లు పెట్టుకున్నాడని, సిలువకు ముందు రాత్రి గెత్సేమనేలో ఈ గిన్నె, అంటే ఆ శ్రమ, నా నుంచి తొలగించమని ఆయనా అడిగాడని, అయినా సిలువ తప్పలేదని చెప్పు. వాళ్లతో కలిసి ఏడువు. ఆ రాత్రి కూడా ప్రార్థన మానకండి, రెండు మాటలైనా సరే.

అల్లుడుగారికి నైట్ షిఫ్ట్ ఉన్న వారాల్లో ఈ భారమంతా నీ ఒక్కదానిమీదే వేసుకోకు. బ్రేక్‌లో రెండు నిమిషాలు వీడియో కాల్ చేసి పిల్లల కోసం ఆయన్ని ప్రార్థన చేయమను. నాన్న ప్రార్థన చేయడం మగపిల్లాడు చూడాలి. ఈ ఉత్తరం ఆయనకు కూడా చదివి వినిపించు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ