నోట్స్ మన దగ్గరే సింక్ చేసుకుంటానంటున్న అమ్మడికి

అమ్మడూ,

నీ మెసేజ్ చూశాను. ఫోన్‌లో రాసింది లాప్‌టాప్‌లో కనపడాలి, లాప్‌టాప్‌లో దిద్దింది ఐప్యాడ్‌లో కనపడాలి, మధ్యలో ఏ కంపెనీ సర్వరూ ఉండకూడదు, దానికోసం ఒక చిన్న కంప్యూటర్ కొని డాకర్ (ప్రోగ్రాంలని డబ్బాల్లా విడివిడిగా నడిపేది) వేసి నెక్స్ట్‌క్లౌడ్ (మన ఫైళ్ళకి మనమే నడుపుకునే సొంత క్లౌడ్) పెట్టేస్తాను పెద్దమ్మా, ఈ శని ఆదివారాల్లో అయిపోతుంది అన్నావు. అయిపోతుంది, కాదనను. ఇరవై ఏళ్ళకు పైగా సర్వర్లు చూసుకున్నదాన్ని, పెట్టడానికి రెండు రోజులకంటే ఎక్కువ పట్టినవి తక్కువే. రెండేళ్ళ తర్వాత పాస్‌వర్డ్ ఎక్కడ రాసుకున్నానో, ఆ కాన్ఫిగ్ ఫైల్లో ఆ లైను ఎందుకు పెట్టానో గుర్తులేక కూర్చునే రోజు ఉంటుందే, దాని గురించే నేను రాస్తున్నది.

ముందు ఆ కంప్యూటర్ కొనకు, ఆగు. నోట్స్ అంటే ఏమిటి, ఉత్త అక్షరాలు. వెయ్యి నోట్స్ కలిపి తూకం వేసినా ఫోన్‌లో తీసిన ఒకటి రెండు ఫొటోలంత ఉంటాయేమో. దానికి నెక్స్ట్‌క్లౌడ్ అంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. క్యాలెండర్, కాంటాక్ట్స్, ఫొటోలు అన్నీ ఒకేచోట పెట్టుకునేవాళ్ళకి అది మంచి సరుకే, నోట్స్ ఒక్కటే అయితే మాత్రం ఒక డేటాబేస్, ఒక వెబ్ సర్వర్, ఒక సర్టిఫికెట్, ఇవన్నీ బతికున్నాయో లేదో చూసుకునే పని నెత్తికెత్తుకున్నట్టే. పైగా ఏడాదిన్నర పట్టించుకోకుండా వదిలేసి ఒకరోజు అప్‌డేట్ చేద్దామని కూర్చుంటే పాత వెర్షన్ నుంచి నేరుగా కొత్తదానికి దూకనివ్వదు, మధ్యలో ఉన్న ఒక్కో పెద్ద వెర్షనూ వరసగా ఎక్కాల్సిందే. ఆ మెట్లన్నీ ఎక్కి ఒక అర్ధరాత్రి పాడుచేసుకున్నాను కాబట్టే చెప్తున్నా.

అసలు నువ్వు ముందు తేల్చుకోవాల్సింది సర్వర్ సంగతి కాదు, నోట్స్ ఏ రూపంలో ఉంటాయన్నది. నా మాట వింటే మామూలు టెక్స్ట్ ఫైళ్ళు, కావాలంటే మార్క్‌డౌన్ (హెడింగులు, జాబితాలు చిన్న గుర్తులతో చూపే మామూలు టెక్స్టే), ఒక నోటుకి ఒక ఫైలు, అన్నీ ఒకే ఫోల్డర్‌లో. అలా ఉంటే ఏ యాప్ మూతపడినా, ఏ యాప్ మీద నీకు మోజు తీరినా, నోట్స్ అక్కడే ఉంటాయి. నేను ఏళ్ళ తరబడి వాడిన ఒక యాప్ (పేరెందుకులే) నోట్స్ అన్నీ ఇచ్చేస్తాను తీసుకో అని ఎక్స్‌పోర్ట్ ఇచ్చింది, తెరిచి చూస్తే తేదీలన్నీ ఆ రోజువే, బొమ్మలన్నీ ఒక మూల కుప్ప, ఏ బొమ్మ ఏ నోటుదో దేవుడికెరుక. మూడు నెలలు ఏరుకున్నాను.

టెక్స్ట్ ఫైళ్ళు అయితే సింక్‌థింగ్ అనే ప్రోగ్రాం చాలు. దీనికి సర్వర్ అంటూ ఉండదు, నీ డివైస్‌లే ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకుంటాయి, దారిలో అంతా ఎన్‌క్రిప్ట్ అయ్యే (ఇంకెవరూ చదవలేని రూపంలో) వెళ్తుంది. ప్రతి డివైస్‌కీ ఒక పొడవాటి ఐడీ ఉంటుంది, లాప్‌టాప్ ఐడీని ఫోన్‌లో, ఫోన్‌ది లాప్‌టాప్‌లో ఒప్పుకోవాలి, ఇద్దరూ సరే అంటేనే సంబంధం కుదురుతుంది. లాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరిచి localhost:8384 అని కొడితే దాని స్క్రీన్ వస్తుంది, అక్కడే అన్నీ. రెండు డివైస్‌లూ వేరువేరు నెట్‌వర్క్‌లలో ఉండి నేరుగా కలవలేకపోతే మధ్యలో చేతులు మార్చే రిలే సర్వర్ల గుండా పోతుంది, కాస్త నెమ్మదిగా పోతుంది కానీ నోట్స్‌కి ఆ తేడా తెలియదు, ఆ రిలే నడిపేవాళ్ళకి లోపల ఏముందో కనపడదు. నోట్స్ ఇంకొకరి సర్వర్ గుండా పోవడం ఒప్పుకోనంటే సెట్టింగ్స్‌లో రిలే ఆపెయ్యొచ్చు, కానీ మొదట్లోనే ఆపకు.

దీంతో ఒక్క చిక్కుంది. రెండు డివైస్‌లూ ఒకే సమయంలో ఆన్‌లో ఉంటేనే సింక్. ఫోన్‌లో రాసి లాప్‌టాప్ మూసే ఉంచి, పొద్దున ఫోన్ స్విచాఫ్ చేసి లాప్‌టాప్ తెరిస్తే అందులో ఏముంటుంది, నిన్నటిదే ఉంటుంది. అందుకని ఎప్పుడూ మెలకువగా ఉండే మూడోది ఒకటి కావాలి. కొత్తది కొనక్కర్లేదు, అటక మీద పడేసిన పాత లాప్‌టాప్ ఉంటే చాలు, దాని బ్యాటరీ కాస్తోకూస్తో పనిచేస్తుంటే ఇంకా మంచిది, కరెంటు పోయినా నిలబడుతుంది. రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) మీద నీకు మోజుందని తెలుసు. పెట్టుకో, కానీ నోట్స్ మాత్రం ఎస్‌డీ కార్డు మీద ఉంచకు. నాది అలా ఉంచాను, కరెంటు పోయి వచ్చాక పచ్చ లైటు ఒక్కసారి మిణుక్కుమని ఆరిపోయింది, మళ్ళీ వెలగలేదు. కార్డు తీసి లాప్‌టాప్‌లో పెడితే ఫార్మాట్ చెయ్యమంటావా అని అడిగింది. ఒక చిన్న ఎస్ఎస్‌డీ తగిలించుకుంటే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

ఇక నిజంగా భయపడాల్సిన దానికి వస్తున్నా. సింక్ అంటే బ్యాకప్ అనుకుంటారు, నేనూ అనుకున్నాను. ఫోన్‌లో స్టోరేజ్ నిండిపోయిందని ఒక సాయంత్రం ఫైళ్ళు తుడుస్తూ, ఇది లాప్‌టాప్‌లో ఉందిగా అని ఆ నోట్స్ ఫోల్డర్‌లోని ఫైళ్ళన్నీ ఫోన్‌లో డిలీట్ చేశాను. లాప్‌టాప్ నా పక్కనే తెరిచి ఉంది. దాని స్క్రీన్ మీద ఆ ఫోల్డర్‌లో పేర్లు పైనుంచి కిందికి ఒక్కొక్కటే మాయమవడం కళ్ళారా చూశాను, నిమిషం పట్టలేదు. సింక్ తప్పు చెయ్యలేదు, దాని పని అది చేసింది, నేను తీసెయ్యమన్నాను కాబట్టి అన్నిచోట్లా తీసేసింది. వైఫై పీకడానికి పరిగెత్తాను కూడా. దేనికి, ఆపాటికే ఖాళీ.

అందుకని సింక్‌థింగ్ పెట్టిన గంటలోపే ఫైల్ వెర్షనింగ్ ఆన్ చెయ్. ఫోల్డర్ సెట్టింగ్స్‌లో ఉంటుంది, స్టాగర్డ్ అన్నది ఎంచుకో. మార్పులు మొదటి గంటలో ముప్ఫై సెకన్లకొకటి, మొదటి రోజు గంటకొకటి, నెల దాకా రోజుకొకటి, ఆ పైన వారానికొకటి చొప్పున పాత కాపీలు దాస్తుంది. ఇక్కడ చాలామంది గమనించని మెలిక ఒకటుంది: వేరే డివైస్ నుంచి వచ్చిన మార్పులకే అది పాత కాపీ దాస్తుంది, అదే డివైస్ మీద నువ్వు చేసినదానికి దాయదు. అంటే ఫోన్‌లో డిలీట్ చేస్తే ఫోన్‌లో వెర్షనింగ్ ఉన్నా ఏం లాభం లేదు, ఆ కాపీ లాప్‌టాప్‌లోనో పాత లాప్‌టాప్‌లోనో ఉండాలి. కాబట్టి ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఆ మూడోదాని మీద తప్పనిసరిగా పెట్టు. దాని మీద నువ్వెలాగూ ఏమీ రాయవు, వచ్చేవన్నీ బయటి మార్పులే, దానికి అతికినట్టు సరిపోతుంది.

ఒకే నోటుని రెండుచోట్ల దిద్దితే ఏమవుతుందని అడిగావు. రెండూ కలపదు, ఎవరు రైటో తేల్చదు. పాతదిగా కనపడిన కాపీ పేరు చివర సింక్-కాన్‌ఫ్లిక్ట్ అని, తేదీ, టైము తగిలించి పక్కన పెడుతుంది. చూస్తే గాభరాగా ఉంటుంది కానీ అది నీ మేలుకే, ఏదీ పోలేదని అర్థం. నెలకోసారి ఆ పేరుతో వెతికి, రెండూ పక్కపక్కన పెట్టి చూసి, మిగిలిపోయిన రెండు లైన్లు అటు చేర్చి, రెండోది తీసెయ్. రోజూ రాసే డైరీ లాంటిది ఒకే పెద్ద ఫైలుగా ఉంచకుండా రోజుకొక ఫైలు పెట్టుకున్నావంటే ఇవి దాదాపు రావు. నోట్స్ రాయడానికి అబ్సిడియన్ యాప్ వాడతావు కాబట్టి ఇంకోటి, అది దాచి ఉంచే ఫోల్డర్‌లో వర్క్‌స్పేస్ అనే ఫైలు ఉంటుంది, ఏ ట్యాబ్ తెరిచావో ఎక్కడ మూశావో అందులో రాసుకుంటుంది, ఊరికే మారుతూ ఉంటుంది. దాన్ని సింక్‌థింగ్ ఇగ్నోర్ లిస్టులో వేసెయ్, లేకపోతే కాన్‌ఫ్లిక్ట్‌లన్నీ దానివే ఉంటాయి.

తెలుగులాంటి లిపుల్లో రాసేవాళ్ళకి వచ్చే తంటా ఒకటి చెప్తాను, ఇది ఏ ఇంగ్లిష్ గైడులోనూ నాకు కనపడలేదు. లినక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లిష్ అక్షరం ఒక బైటు, తెలుగులో అచ్చూ హల్లూ గుణింతం గుర్తూ ఒత్తు కోసం పెట్టే పొల్లూ ఒక్కొక్కటీ మూడేసి బైట్లు. 'స్త్రీ' అని మనం ఒక్క అక్షరంగా చూసేది లోపల ఆరు ముక్కలు, 18 బైట్లు. అలా లెక్కేస్తే పేరు మొత్తానికి 85 ముక్కలే దక్కుతాయి. నోటు మొదటి వాక్యాన్నే ఫైలు పేరుగా పెట్టే అలవాటు నీకుందిగా, విండోస్‌లో లెక్క వేరు కాబట్టి అక్కడ హాయిగా సేవ్ అవుతుంది, లినక్స్ వైపుకి మాత్రం రాదు, ఎర్రగా ఎర్రర్ చూపిస్తుంది. దీనికి రివర్స్‌లో ఇంకోటి, పేరులో ప్రశ్నార్థకమో కోలనో ఉంటే లినక్స్ ఒప్పుకుంటుంది, విండోస్ ఒప్పుకోదు. 'ఎందుకిలా?' అన్న నా నోటు ఒకటి నెల రోజులు లాప్‌టాప్‌కి రాకుండా ఉండిపోయింది, ఎందుకిలా అని నేను తల పట్టుకున్నాను. పేర్లు పొట్టిగా పెట్టు, తేదీ ముందు పెట్టు.

ఆండ్రాయిడ్‌లో సింక్‌థింగ్ వాళ్ళ సొంత యాప్ 2024 డిసెంబర్‌తో ఆగిపోయింది, సింక్‌థింగ్-ఫోర్క్ అనేదాన్ని వేరేవాళ్ళు నడుపుతున్నారు, అది వేసుకో. వేశాక బ్యాటరీ సెట్టింగ్స్‌లో దాన్ని పడుకోబెట్టకుండా మినహాయింపు ఇవ్వు, ఇవ్వకపోతే కాసేపటికి ఫోనే దాన్ని చంపేస్తుంది, నువ్వేమో సింక్ చెడిపోయిందని నాకు ఫోన్ చేస్తావు.

ఐప్యాడ్ దగ్గరే ఉంది తిరకాసు. అక్కడ యాప్‌లని వెనకాల ఎంతసేపంటే అంతసేపు నడవనివ్వరు, సింక్‌థింగ్‌తో మాట్లాడే యాప్‌లు ఉన్నాయి కానీ నువ్వు తెరిచినప్పుడే గట్టిగా పనిచేస్తాయి. ఐప్యాడ్‌లో నువ్వు రాస్తావా, చదువుతావా? నిజం చెప్పు. చదవడమే అయితే ఆ యాప్ తెరిచి పది సెకన్లు ఆగడం పెద్ద కష్టం కాదు. రోజూ అందులోనే రాస్తానంటే సింక్‌థింగ్ సంగతి మర్చిపోయి జాప్లిన్ అనే నోట్స్ యాప్‌కి వెళ్ళు. అది అన్నిట్లో ఉంది, ఓపెన్ సోర్స్, దానికి ఒక వెబ్‌డావ్ (నెట్‌వర్క్ మీద ఫైళ్ళు పెట్టి తీసుకునే పద్ధతి) అడ్రస్ చూపిస్తే చాలు, ఆ పాత లాప్‌టాప్ మీద చిన్న వెబ్‌డావ్ సర్వర్ నడిపితే సరిపోతుంది. కాన్‌ఫ్లిక్ట్ వస్తే విడిగా ఒక నోట్‌బుక్‌లో పెట్టి చూపిస్తుంది, పద్ధతైన పిల్ల. కానీ సర్వర్ మీద ఫోల్డర్ తెరిస్తే నీ నోట్స్ పేర్లు కనపడవు, ముప్ఫై రెండు అక్షరాల అడ్డదిడ్డం పేర్లుంటాయి, ఎన్‌క్రిప్షన్ పెడితే లోపలిది కూడా చదవలేవు, ఆ పాస్‌వర్డ్ పోతే నేనే కాదు ఎవరూ తీసివ్వలేరు. అందుకే అప్పుడప్పుడు మార్క్‌డౌన్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి విడిగా పెట్టుకో. ఒక్కటి మాత్రం చెయ్యకు, తెలివి చూపించి జాప్లిన్ సొంత డేటాబేస్ ఫైలుని సింక్‌థింగ్‌తో సింక్ చెయ్యడం. రెండుచోట్ల తెరిచి ఉన్న డేటాబేస్‌ని ఫైలులా అటూ ఇటూ తోస్తే అది చెడుతుంది, చెడినట్టు వెంటనే చెప్పదు కూడా. అలాగే ఒకే ఫోల్డర్ మీద రెండు సింక్‌లు వద్దు, ఐక్లౌడ్ ఒకపక్క సింక్‌థింగ్ ఒకపక్క లాగితే నోట్స్ నకళ్ళతో నిండిపోతాయి.

బయటినుంచి అందుకోవడానికి రౌటర్‌లో పోర్ట్ (బయటివాళ్ళు లోపలికి రాగల తలుపు లాంటిది) తెరుస్తావేమో, తెరవకు. నువ్వు పడుకున్నా ఇంటర్నెట్‌లో తలుపులు తట్టి చూసేవాళ్ళు పడుకోరు. సింక్‌థింగ్‌కి ఆ అవసరమే లేదు. జాప్లిన్ అయితే వైర్‌గార్డ్ (బయటినుంచి ఇంటి నెట్‌వర్క్‌కి రహస్య దారి వేసే వీపీఎన్) పెట్టుకో, దానికి మాత్రం ఒక్క పోర్ట్ తెరవాలి, రౌటర్ దగ్గర ఆ కుస్తీ పట్టే ఓపిక లేకపోతే దాని మీదే కట్టిన టెయిల్‌స్కేల్ పెట్టుకో. మధ్యలో వాళ్ళ కంపెనీ పరిచయకర్తగా ఉంటుంది కానీ నీ డేటా చదవలేదు, అదీ వద్దంటే హెడ్‌స్కేల్ అని సొంతంగా నడుపుకునేది ఉంది, మొదటి ఏడాది దాని జోలికి పోకు.

బ్యాకప్‌కి ఆ మూడో కంప్యూటర్ మీద రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రాం పెట్టి, రోజూ రాత్రి ఒక యూఎస్‌బీ డిస్క్ మీదికి తియ్యి, వారానికోసారి ఇంకో కాపీ ఇల్లు దాటి బయట ఉండేలా చూడు. రెస్టిక్ ఎన్‌క్రిప్ట్ చేసే దాస్తుంది కాబట్టి ఆ కాపీ నా దగ్గర పెట్టినా నీ డైరీ నేను చదవలేనులే. దాని పాస్‌వర్డ్ కాగితం మీద రాయి, నోట్స్‌లో రాయకు. నవ్వకు, నేను నోట్స్‌లోనే రాసుకున్నాను.

అంతా అయ్యాక, నీకు బాగా ఇష్టమైన నోటు ఒకటి తీసుకుని (ముందు కాగితం మీద కాపీ రాసుకునే సుమా) ఫోన్‌లో డిలీట్ చెయ్. అన్నిచోట్లా పోయేదాకా ఆగు. తర్వాత నా సాయం లేకుండా దాన్ని వెనక్కి తీసుకురా, వెర్షన్ల నుంచి ఒకసారి, బ్యాకప్ డిస్క్ నుంచి ఒకసారి. ఎంతసేపు పట్టిందో, ఎక్కడ ఆగిపోయావో నాకు రాయి. అది అయ్యాకే పాత యాప్‌లో అకౌంట్ మూసెయ్, అప్పటిదాకా అది ఉండనీ.

మీ పెద్దమ్మ