ఆ ఎరుపును నమ్మకు

రాజమండ్రి,
ఆదివారం రాత్రి.

అమ్మడూ,

పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు ఉద్యోగం మానేశావట, వచ్చే నెల నుంచి నీటి రంగుల మీదే బతుకుతావట. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. దాన్ని ఓదార్చి ఫోన్ పెట్టేశాక వంటింట్లోకి వెళ్లి కాసేపు ఊరికే నిలబడిపోయాను. ఏడేళ్లప్పుడు నువ్వు నా పాత బ్రష్షు తీసుకుని మా అరుగు మీద ఉత్త నీళ్లతో గోదారి వేశావు. ఎండకి ఆ గీతలు ఆరిపోతుంటే "పెద్దమ్మా, పోతోంది, పోతోంది" అని కేకలు పెట్టావు. అదే కళ్లముందు కదిలింది.

నాకు సంతోషంగానే ఉంది. కానీ ఈ కబురు మీ అమ్మ నోట వినాలా? ముప్పయ్యేళ్లు డ్రాయింగు టీచరుగా చేసినదాన్ని, నేను వద్దంటానని ఎలా అనుకున్నావే?

వద్దనను. నీకు తెలిసినవే అయినా నాలుగు మాటలు చెప్పి అసలు సంగతికి వస్తాను. కాగితం చదరపు మీటరుకి 300 గ్రాములు తూగేది, పూర్తి కాటన్‌ది కొను. పొదుపు ఇంకెక్కడైనా చెయ్యి గానీ కాగితం దగ్గర వద్దు. బ్రష్షుని నీళ్లలో నిలబెట్టి వదిలెయ్యకు, మొన వంగిపోతుంది. నోట్లో పెట్టుకుని మొన తీసే అలవాటుంది నీకు, అది ఇవాళే మానెయ్, రంగుల్లో ఉండే క్యాడ్మియం అనే లోహం ఒంట్లోకి పోకూడదు. ఎవరి ఆర్డరైనా, చుట్టాలదైనా, సగం డబ్బు ముందే తీసుకో. 6 నెలల అద్దె పక్కన పెట్టి ముట్టుకోకు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వనిది. హైదరాబాదులో మేడమీద గది తీసుకున్నావట, పడమటి కిటికీ ఉందట, పెళ్లి జంటల బొమ్మలకి ఆర్డర్లు వస్తున్నాయట. పెళ్లి జంటలంటే ఎర్రచీరలు, బొట్లు, పారాణి. ఏ ఎరుపు వాడుతున్నావు? ఈ ఒక్క ప్రశ్నకి నాకు జవాబు కావాలి.

1994లో మా వీధి చివర ఒక దంపతులకి షష్టిపూర్తి జరిగింది. వాళ్ల పిల్లలు నా చేత ఇద్దరి బొమ్మా వేయించారు. బయటివాళ్లు డబ్బిచ్చి నాచేత వేయించుకున్న మొదటి బొమ్మ అది. ఆవిడ కట్టుకున్న చీరకి అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు వాడాను. తడి కాగితం మీద పలచగా వదిలితే ఆ రంగు ఎంత లోతుగా పాకుతుందో నీకూ తెలుసు. నాకు నేర్పిన మాస్టారు "ఆ ఎరుపును నమ్మకమ్మా, వెలుతురుకి నిలవదు" అని రెండుసార్లు చెప్పారు. విన్నాను. అయినా వాడాను. కంటికి అంత బాగున్న రంగు ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. బొట్టు కూడా దాంతోనే పెట్టాను, పలచగా, రెండు పూతలు.

పన్నెండేళ్ల తర్వాత వాళ్ల మనవడి ఓణీల ఫంక్షను, కాదు, మనవరాలి ఓణీల ఫంక్షనుకి పిలిస్తే వెళ్లాను. బొమ్మ హాల్లో కిటికీకి ఎదురుగా ఉంది. చీర వెలిసిపోయి తడిసిన అట్టముక్క రంగులోకి వచ్చేసింది. బొట్టు మాత్రం ఎర్రగా నిండుగా ఉంది. అదెలా మిగిలిందా అని రెండడుగులు పక్కకి జరిగాను. నేను జరిగితే బొట్టూ జరిగి కనుబొమ మీదికి వచ్చింది. దగ్గరికెళ్లి చూస్తే అది కుంకుమ, అద్దం మీద. అద్దానికీ కాగితానికీ మధ్య మౌంటు, అంటే బొమ్మ చుట్టూ పెట్టే అట్ట, మందం ఖాళీ ఉంది కదా, ఎదురుగా నిలబడి చూస్తేనే నుదుటికి సరిపోతోంది.

ఆవిడ వెనకనుంచి వచ్చి నెమ్మదిగా అంది: "రంగు పోయిందమ్మా. ఆయన పక్కన బోసి నుదురుతో చూసుకోలేక, దీపం పెట్టేటప్పుడు రోజూ నేనే దిద్దుతున్నాను."

నన్ను ఒక్క మాట అనలేదే. తిట్టినా బాగుండేది. ఆ బొమ్మ అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. ఫ్రేము విప్పి మౌంటు పైకెత్తితే, దాని కింద దాగిన గోరంత చీర అంచు మొదటి రోజు ఎంత ఎర్రగా వేశానో అంత ఎర్రగానూ ఉంది. వెలుతురు తగలనిది అదొక్కటే. దాన్ని చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. నుదుట క్యాడ్మియం రెడ్ దిద్దాను, చీర మీద నిలిచే ఎరుపు పూశాను, తీసుకెళ్లి కిటికీ లేని గోడకి నేనే మేకు కొట్టి తగిలించాను. ఆ మరుసటి ఏడు ఆయన పోయారు. పలకరించడానికి వెళ్లినప్పుడు ఆవిడ నుదుట బొట్టు లేదు. గోడ మీద బొమ్మలో ఉంది. ఆవిడ దానికేసే చూస్తూ కూర్చుంది.

అందుకే చెబుతున్నాను. ట్యూబు మీద రంగు పేరు చూసి కొనకు. చిన్న అక్షరాల్లో పిగ్మెంటు నంబరు ఉంటుంది, లోపలున్న అసలు రంగు పదార్థం ఏదో చెప్పేది, అది చదువు. పి.ఆర్. 83 అని ఉంటే అదే నా పాత ఎరుపు, పక్కన పెట్టెయ్. దాని బదులు పి.వి. 19 ఉన్న క్వినాక్రిడోన్ అనే రంగు తీసుకో. లోతు కాస్త వేరుగా ఉంటుంది, రెండు వారాల్లో చెయ్యి అలవాటు పడుతుంది. మెరిసిపోయే గులాబీ రంగులు కూడా చాలావరకు నిలవవు. నంబరు కనిపించని ట్యూబుతో డబ్బు తీసుకునే బొమ్మ వెయ్యకు. కంపెనీ మాట కూడా పూర్తిగా నమ్మక్కర్లేదు: నీ రంగులన్నీ ఒక పట్టీ మీద వరసగా పూసి, సగం అట్టతో కప్పి, ఆ పడమటి కిటికీకి వేసవంతా అంటించి ఉంచు. ఆ కిటికీకి అంతకంటే మంచి ఉపయోగం లేదు. బొమ్మలు మాత్రం దానికి ఎదురుగా పెట్టకు.

పని పొద్దున్నే చెయ్యి. మన గోదారి గాలిలో పలచటి రంగు పూత ఆరడానికి అరగంట పడితే, హైదరాబాదు వేసవిలో బ్రష్షు ముంచి తీసేలోపు ఆరిపోతుంది. ఇక్కడి చేతి అలవాటు అక్కడ పనికిరాదు. కాగితం మీద మెరుపు పోయింది కదా అని మళ్లీ బ్రష్షు పెట్టకు. వేళ్ల వెనక వైపు ఆనించి చూడు, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. అప్పుడు ఒక్క చుక్క పడితే చాలు, కాలీఫ్లవరు పువ్వులా విచ్చుకుని ఆకాశం పాడైపోతుంది.

ఒంటరిగా మాత్రం ఉండకు. మా ఆదివారం జట్టు నీకు తెలుసుగా, ఏడుగురం. పుష్కరఘాట్ దగ్గర తెల్లారేసరికి కూర్చుంటాం, ఎనిమిదింటికి బొమ్మలన్నీ మెట్లకి ఆనించి పెడతాం. "బాగుంది" అని ముందుగా ఎవరూ అనకూడదని కట్టు. ఇవాళ ఇంటర్ చదివే పిల్ల నా బొమ్మ చూసి "మూడుసార్లు తడిపారు టీచర్, అందుకే హేవలాక్ వంతెన కింద నీళ్లు బురదగా వచ్చాయి" అంది. నిజమే. అలా చెప్పేవాళ్లు నీకు ఆ ఊళ్లో నలుగురు దొరకాలి.

చిన్నప్పుడు నిన్ను మన ఊరి చిత్రకారుడు దామెర్ల రామారావు గారి గ్యాలరీకి తీసుకెళ్లాను, గుర్తుందా? మశూచితో 1925లో ఆయన పోయేనాటికి 28 ఏళ్లు కూడా నిండలేదు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర ప్రోత్సహించి బొంబాయి పంపబట్టి చదువుకున్నారు. ఆయన పోయాక వరదా వెంకటరత్నం గారూ తక్కిన స్నేహితులూ ఆయన పెట్టిన బొమ్మల బడిని నిలబెట్టి, ఆ బొమ్మల్ని కాపాడారు. వాళ్లే లేకపోతే ఇవాళ ఆ గోడల మీద మనం చూసేది ఏముంది? నీకూ అలాంటి స్నేహితులు కావాలి, నీ బొమ్మ ఎక్కడుందో కనిపెట్టుకుని ఉండేవాళ్లు.

వేళకి తిను. రాత్రి ట్యూబులైటు కింద రంగు కలపకు, పొద్దున్న చూస్తే ఏడుపొస్తుంది. డబ్బుకి ఇబ్బందైతే ముందు నాకు చెప్పు, మీ అమ్మకి కాదు.

ఈ ఉత్తరంతో పాటు నా పాత పట్టీ ఒకటి పంపుతున్నాను. ఒక వేసవంతా మా వంటింటి కిటికీకి ఉన్నది. ఎడమ వైపు నుంచి నాలుగో గడి చూడు, కప్పిన సగం ఎలా ఉందో, కప్పని సగం ఎలా ఉందో. చూశాక నీ ఎర్ర ట్యూబు నంబరు ఫొటో తీసి నాకు పంపు. మీ అమ్మతో రేపు నేను మాట్లాడతాను.

మీ పెద్దమ్మ