ఉగాదినాడు పూయని తురాయి

హనుమకొండ,
ఉగాది వెళ్ళిన పదో రోజు.

అమ్మాయీ,

నీ ఉత్తరమూ, దానితో పంపిన నలభై ఫోటోలూ చేరాయి. రెండుసార్లు చూశాను. వాటిలో సూర్యోదయాలే ఇరవై ఆరు. బాగానే ఉన్నాయి గానీ ఏది ఏ రోజుదో చెప్పమంటే నువ్వూ చెప్పలేవు, నేనూ చెప్పలేను. "కూకట్‌పల్లిలో మూడో అంతస్తు సార్, ఎదురుగా ఒక కానుగ చెట్టు, కింద పార్కింగు, ఇక్కడ ప్రకృతి ఎక్కడుంది" అని రాశావు. రోజూ ఒక ఫోటో తీయమన్నాను కదా, దానికి నువ్వు శని, ఆదివారాల్లో అనంతగిరికో నల్లమలకో వెళ్ళి వారానికి సరిపడా తీసుకొచ్చి, రోజుకొకటి చొప్పున కింద నాలుగు వాక్యాలు రాసుకుంటే ఎలా ఉంటుందని అడిగావు.

నల్లమల వెళ్ళు. చూసి రా. రోజువారీ ఫోటోకి మాత్రం ఆ కానుగే దిక్కు. వారం సరుకు ఒకేసారి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకుంటానంటే అది కూరగాయల పద్ధతి.

నీ నలభైలో నేను ఆగిపోయింది "ఇది పొరపాటున వచ్చింది, క్షమించండి" అని నువ్వు రాసిన ఫోటో దగ్గర. కానుగాకు మీద తెల్లటి వంకర గీత. దాన్ని తెర మీద పెద్దది చేసి చూడు. నడిమి ఈనె దగ్గర మొదలైనప్పుడు ఆ గీత కుట్టుదారమంత సన్నం. రెండు మెలికలు తిరిగేసరికి పురికొస అయింది. ఆకు అంచుకి చేరేసరికి అగ్గిపుల్లంత వెడల్పు. ఆకు పైపొరకీ కిందిపొరకీ మధ్య దూరి ఒక చిన్న రెక్కలపురుగు పిల్ల తింటూ పోయిన దారి అది. పిల్ల లావెక్కినకొద్దీ దారి వెడల్పయింది. గీత సన్నగా ఉన్న కొస దాని పసితనం, వెడల్పుగా ఆగిపోయిన చోటు దాని కడుపు నిండిన చోటు. నువ్వు క్షమాపణ చెప్పుకున్న ఫోటోలో ఇంత కథ ఉంది. ఇరవై ఆరు సూర్యోదయాల్లో కలిపి ఇంత లేదు.

నిన్ను తప్పుపట్టే అర్హత నాకు లేదు. నా సంగతి విను.

ముప్ఫై ఏళ్ళు దాటాక ఒక కథ రాశాను. అందులో ఉగాది పొద్దున నాయకుడు సెలవుకి ఊరొస్తాడు. బడి ఆవరణలో తురాయి చెట్టు ఎర్రగా విరగబూసి ఉంటుంది. దాని మీద ఒక పేరాగ్రాఫు. నెత్తురనీ, నిప్పనీ, పెళ్ళికూతురి చీర అనీ, చేతికి దొరికిన ఎరుపు ఏదీ వదల్లేదు. కథ పత్రికలో అచ్చయింది, మురిసిపోయాను. రెండు వారాలకి ఒక పోస్టుకార్డు వచ్చింది. రాసినాయన రైతు. కథ బాగుందన్నాడు. తమ ఊళ్ళో తురాయి ఉగాదికి పూయదనీ, ఆ రోజుకి కొమ్మలకి పోయినేటి నల్లటి ఎండుకాయలే కత్తుల్లా వేలాడుతుంటాయనీ, నా దగ్గర ఉగాదికి పూసే రకం ఉంటే నాలుగు గింజలు పంపమనీ రాశాడు. కింద చిరునామా కూడా శుభ్రంగా ఇచ్చాడు.

సిగ్గు ఎక్కడంటే, నేను పాఠం చెప్పిన బడిలోనే తురాయి ఉంది. ఆరేళ్ళు దాని కింద సైకిలు పెట్టాను. ఆ మొగ్గలు విప్పి, లోపలి కేసరాలు మెడకి మెడ తగిలించి లాగి, ఎవడి తల తెగితే వాడు ఓడినట్టు కోడిపుంజుల ఆట ఆడే పిల్లల్ని చూశాను. పరీక్షలు అయిపోయి, ఎండలు ముదిరాక ఆడే ఆట అది. అంత తెలిసినవాణ్ణి, కాగితం ముందు కూర్చోగానే వసంతం అంటే ఎరుపు, ఎరుపంటే తురాయి అనుకున్నాను. నేను రాసింది చెట్టుని చూసి కాదు, అంతకుముందు చదివిన పేరాగ్రాఫుల్ని చూసి. ఉగాదికి ఎరుపే కావాలంటే ఊరి బయట మోదుగులున్నాయి. అవి ఆకు లేని కొమ్మలకి అప్పటికే పూసి రాలుతుంటాయి. అటు తలతిప్పలేదు.

మన సాహిత్యంలో వసంతం సిద్ధాన్నంలా దొరుకుతుంది. మావిచిగురు, కోయిల, మల్లెలు, మలయమారుతం. కలిపి వడ్డించేయడమే. మావిచిగురు తిని కోయిల గొంతు విప్పుతుందని నాతోపాటు అందరూ రాశారు. ఇన్నేళ్ళు చూస్తున్నాను, కోయిల చిగురు తింటుండగా ఒక్కసారీ నా కంటపడలేదు. మా వీధి చివర రావిచెట్టు మీద పండ్లు మింగుతుండగా మాత్రం లెక్కలేనన్నిసార్లు చూశాను. పైగా ఆ పాట పాడేది మగది. నల్లగా నిగనిగలాడే పక్షి అదే. ఆడది గోధుమరంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది, కిక్‌కిక్‌మని అరుస్తుంది, గుడ్డు కాకిగూట్లో పెట్టి పోతుంది. ఇదంతా తెలిశాక కోయిలమ్మ అని రాయకూడదా? రాసుకో. తెలిసి రాసినదానికీ తెలియక రాసినదానికీ వాక్యంలో తేడా వస్తుంది, అంతే నా గొడవ.

నిన్ను రోజుకొక ఫోటో తియ్యమంటున్నది ఇందుకే. ఫోటోగ్రాఫర్‌వి కావాలని కాదు. ఫోన్ ఎత్తి ఒక కొమ్మకి గురి పెట్టాలంటే ముందు ఆ కొమ్మ ఎదుట నిలబడాలి. చేతిలో కలం ఒక్కటే ఉంటే కుర్చీలోంచి లేవకుండా మోసం చేయొచ్చు. నేను చేశాను.

పద్ధతి గురించి అడిగావు. పెద్దగా ఏమీ లేదు. బాల్కనీలో ఒక చోటు ఖాయం చేసుకో, నేలమీద సుద్దగీత గీసుకున్నా సరే. అక్కడ నిలబడి కానుగ మొత్తం పట్టేలా ఒకటి తీయి. అది లెక్క కోసం. తర్వాత కిందికి దిగి దగ్గరగా ఒకటి. అది నీ కోసం. ఇప్పుడు మీ ఊళ్ళో ఆరుంపావుకి కాస్త అటూ ఇటూగా సూర్యుడొస్తాడు. ఏడున్నర దాటితే ఎండకి రంగు పోతుంది. చిగురు తీసేటప్పుడు ఆకు వెనకనుంచి వెలుగొచ్చేలా నిలబడు, ఈనెలన్నీ లెక్కపెట్టొచ్చు. వేపపూత లాంటి తెల్లటివి తీసేటప్పుడు ఫోన్ వెలుగు ఎక్కువ లాగి పువ్వుని సున్నం ముద్ద చేస్తుంది. తెర మీద పువ్వుని తాకి, వేలు కిందికి జరిపి వెలుగు తగ్గించు. మరీ దగ్గరికి పోతే మసకబారుతుంది, జానెడు వెనక్కి వచ్చి తీసి, తర్వాత కత్తిరించుకో. అన్నిటికంటే ముందు లెన్స్ తుడువు. నువ్వు పంపిన వాటిలో సగానికి పొగమంచులా ఉన్నది మంచు కాదు, కొబ్బరినూనె.

గూడు కనబడితే ఫోటో వదులుకో. నువ్వు రోజూ ఒకే వేళకి అక్కడ తచ్చాడితే పికిలిపిట్ట గూడు విడిచిపోవచ్చు. కాకికి దారి చూపినదానివీ అవుతావు.

ఇక ఫోటో కింద వాక్యాలు. "వసంతం విచ్చేసింది" అని రాస్తే మళ్ళీ ఉత్తరం రాయకు. ఫోటోలో ఉన్నదాన్నే అక్షరాల్లో పెట్టకు, అది చూసేవాళ్ళకి కనబడుతూనే ఉంది. ఫోటోకి అందనిది రాయి. వాసన, చప్పుడు, పక్కన ఎవరేమన్నారు. నా నోటుబుక్కులోంచి ఒకటి ఇస్తున్నాను, నమూనా అనుకోకు:

"వేపపూత. ఆరూ ఇరవై. రాత్రి గాలికి వాకిట్లో రాలింది. ఎదురింటామె ఊడ్చేసి ముగ్గు వేస్తుందనుకున్నాను. పూత రాలినంత మేర వదిలేసి, జరిగి, చిన్నముగ్గు వేసింది."

ఫోటోలో ఉన్నది పూత, సగం ముగ్గు. జరగడం ఫోటోలో లేదు.

తారీఖు సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే అక్కడా నాకు దెబ్బ తగిలింది. 1736లో ఇంగ్లండులోని నార్ఫోక్‌లో రాబర్ట్ మార్షమ్ అనే భూస్వామి, తన ఊళ్ళో ఏ చెట్టు ఎప్పుడు ఆకు వేసింది, వానకోయిల ఎప్పుడొచ్చింది, కప్ప ఎప్పుడు అరిచింది అని రాసుకోవడం మొదలుపెట్టాడు. ఆయన పోయాక వంశంవాళ్ళు 1958 దాకా రాస్తూనే ఉన్నారు. ఇవాళ వాతావరణం ఎంత మారిందో లెక్కగట్టేవాళ్ళకి ఆ చిట్టాలు అక్కరకొస్తున్నాయి. ఆయన పెద్ద వాక్యాలేం రాయలేదు. చెట్టు పేరు, తారీఖు, అంతే.

మన దగ్గర 2021లో, ఆ తర్వాతా తెలంగాణ అంతటా వేపచెట్లు కొమ్మల కొసల నుంచి మాడినట్టు ఎండిపోవడం నువ్వూ చూసే ఉంటావు. ఫోమోప్సిస్ అనే బూజు తెగులు. మా వాకిట్లోదీ ఎండింది. కొట్టేద్దామా ఉంచుదామా అని ఇంట్లో మాటొచ్చింది. పోయిన ఏళ్ళలో ఈ చెట్టు ఏ నెలలో ఎంత చిగురు వేసిందో ఒక్క తారీఖైనా ఉంటే పోల్చి చూద్దామని వెతికాను. ఫోటోలు లేక కాదు. మనవరాలి పుట్టినరోజులు, కొత్త బండి, చుట్టాలు, అన్నిటి వెనకా వేప ఉంది. అవన్నీ వాట్సాప్‌లో చేతులు మారి వచ్చినవి. అలా పంపిన ఫోటోలో తీసిన తారీఖు వివరం పోతుందని అప్పుడు తెలిసింది. కేకు మీద అంకె చూసి ఏ ఏడాదో పోల్చుకోవలసి వచ్చింది. చెట్టుని ఉంచాం. తర్వాతి వసంతానికి మోడు పక్కనుంచి చిగురేసింది. ఆ ఎర్రటి చిగురు నేను తీసిన మొదటి లెక్క ఫోటో. నువ్వు మాత్రం తారీఖు చేత్తో కూడా రాసుకో. ఫోన్లు పోతాయి.

ఏమీ దొరకని రోజులొస్తాయి. ఒక్కోసారి వరసగా వారం రోజులు కానుగలో ఏ మార్పూ ఉండదు, నీకు విసుగొస్తుంది. తప్పిన రోజు తప్పినట్టే ఖాళీగా ఉంచు, మర్నాడు రెండు తీసి పూడ్చకు. దొంగ హాజరు బళ్ళో చాలా చూశాను. బాల్కనీ ఇరుకని నువ్వు మళ్ళీ అంటావని ముందే చెబుతున్నాను. మొదటి ప్రపంచయుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న జోసెఫ్ సుడెక్ అనే ఫోటోగ్రాఫర్ ప్రాగ్ నగరంలో తన స్టూడియో కిటికీనే 1940 నుంచి 1954 దాకా తీస్తూపోయాడు. ఆవిరి పట్టిన అద్దం, దాని వెనక మెలికలు తిరిగిన ఒక చెట్టు. నీకు రెండు చేతులున్నాయి, పైగా కిందికి లిఫ్టు ఉంది.

కానుగ ఇంకో రెండు మూడు వారాల్లో పూతకి రావాలి. అప్పుడు కింద ఆగిన కార్ల మీద మరమరాలు చల్లినట్టు రాలుతుంది. వాచ్‌మన్ నీళ్ళు కొట్టి కడిగేలోపు దిగు. ఆ కార్లవాళ్ళు తిట్టుకునే మాటలు కూడా రాసిపెట్టు, అవీ వసంతంలోవే.

చివరి ఫోటోలో, నీ కరివేపాకు కుండీలో, ఆకు మీద పిట్ట రెట్ట అని రాశావు. అది రెట్ట కాదేమోనని నా అనుమానం. కరివేపాకు లాంటి నిమ్మజాతి మొక్కల మీద గుడ్డుపెట్టే సీతాకోకచిలుక పిల్ల చిన్నప్పుడు అచ్చం అలాగే ఉంటుంది, పిట్టలు ముట్టకుండా. కదిలితే పురుగు, కదలకపోతే నేను ఓడిపోయినట్టు. పురుగే అయితే రోజూ ఒకే వేళకి తీయి. ఒక పొద్దున కుబుసం విడిచి ఆకుపచ్చగా కనిపిస్తుంది. పుల్లతో పొడవకు, తలవెనక నుంచి నారింజరంగు కొమ్ముల్లాంటివి చాపి వాసన కొడుతుంది. అమ్మగారికి చెప్పి పోపులోకి ఆ రెమ్మ తెంపకుండా చూసుకో. పచ్చబడిన రోజు నాకు పంపు, వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంటుగా పెట్టి పంపు.

ఆశీస్సులతో,
మీ సార్