టీవీ సౌండ్ ల్యాప్‌టాప్ మీదుగా స్పీకర్లకు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా 43 అంగుళాల టీవీలో మాటలు డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తాయి. ల్యాప్‌టాప్‌కి మంచి 2.1 స్పీకర్లున్నాయి, కానీ వాటికి ఇన్‌పుట్ ఒక్కటే. పిన్ను మాటిమాటికీ మార్చకుండా టీవీ సౌండ్‌ని కూడా ల్యాప్‌టాప్‌ ద్వారా వాటిలోనే వినాలని హెచ్‌డీఎంఐ కేబుల్ వేశాను. ల్యాప్‌టాప్ బొమ్మ టీవీలో కనిపిస్తోంది తప్ప టీవీ సౌండ్ ఇటు రావడం లేదు.
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: రాదండీ. ల్యాప్‌టాప్‌కున్న హెచ్‌డీఎంఐ పోర్టు బయటికి పంపడానికే, టీవీకున్నవి లోపలికి తీసుకోవడానికే. కేబుల్ ఎంత ఖరీదైనదైనా ఇది వన్‌వే. టీవీలో ‘ఏఆర్‌సీ’ అని రాసున్న పోర్టు సౌండ్‌ని బయటికి పంపే మాట నిజమే గానీ, దాన్ని అందుకునే ఏర్పాటు సౌండ్‌బార్లలో ఉంటుంది, ల్యాప్‌టాప్‌లో ఉండదు. మీరు పట్టుకోవాల్సింది టీవీ హెడ్‌ఫోన్ జాక్‌ని.

ముందు స్పీకర్ల పిన్ను తీసి నేరుగా ఆ జాక్‌లో పెట్టి వినండి. సౌండ్ శుభ్రంగా వస్తే టీవీ వైపు అంతా బాగున్నట్టే. పిన్ను మార్చుకోవడం ఇబ్బంది కాకపోతే అక్కడితో ఆగిపోవడమే మా సలహా. లేదంటే రెండు ఇన్‌పుట్లు, ఒక అవుట్‌పుట్ ఉన్న ఆక్స్ స్విచ్ చిన్న డబ్బా దొరుకుతుంది, దాంతో బటన్ నొక్కి మార్చుకోవచ్చు. రెండు సౌండ్లూ ఒకేసారి వినిపించాలన్నా, సన్నని, లావు స్వరాల్ని విడివిడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్‌తో గొంతుల్ని స్పష్టం చేసుకోవాలన్నా మాత్రమే ల్యాప్‌టాప్‌ని మధ్యలో పెట్టడంలో అర్థముంది.

అలా పెట్టేటప్పుడు చాలామంది చిక్కుకునేది ల్యాప్‌టాప్ జాక్ దగ్గరే. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో హెడ్‌ఫోన్‌కీ మైక్‌కీ కలిపి ఒకే రంధ్రం ఉంటుంది. మామూలు ఆక్స్ కేబుల్ పిన్ను చూడండి, దాని మీద నల్లగీతలు రెండే ఉంటాయి. హెడ్‌సెట్ పిన్నుకైతే మూడు. రెండు గీతల పిన్ను పెట్టగానే ల్యాప్‌టాప్ దాన్ని హెడ్‌ఫోన్ అనుకుని తన సౌండ్‌ని అటు పంపుతుంది. అంటే టీవీ అవుట్‌పుట్, ల్యాప్‌టాప్ అవుట్‌పుట్ ఎదురెదురుగా కలిశాయన్నమాట. స్ప్లిటర్ వేసి మైక్ వైపు ఇచ్చినా లాభం అంతంతే. మైక్ ఇన్‌పుట్ చాలా సన్నని సిగ్నల్ కోసం చేసింది, పైగా మోనో, అంటే ఎడమ కుడి తేడా ఉండదు. టీవీ నుంచి వచ్చే సిగ్నల్ దానికి మరీ ఎక్కువై సౌండ్ పగిలిపోతుంది.

కావలసింది లైన్ ఇన్ (టీవీ లాంటి వాటి సౌండ్‌ని లోపలికి తీసుకునే రంధ్రం) ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డ్. కోఠి గుజరాతీ గల్లీలో అడిగినా, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ల మార్కెట్‌లో అడిగినా ‘యూఎస్‌బీ సౌండ్ కార్డ్’ అని మాత్రమే అంటే పచ్చ, గులాబీ రంధ్రాలున్న చిన్న డాంగిల్ చేతిలో పెట్టేస్తారు. ఆ గులాబీది మైక్. మీకు కావలసింది స్టీరియో లైన్ ఇన్, సాధారణంగా నీలం రంగులో ఉంటుంది. ప్యాకెట్ మీద ‘లైన్ ఇన్’ అని రాసి ఉందో లేదో చూసే కొనండి. దీంతోపాటు టీవీ హెడ్‌ఫోన్ జాక్ నుంచి ఈ లైన్ ఇన్‌కి వేయడానికి రెండు చివర్లా పిన్నులున్న 3.5 మిల్లీమీటర్ల స్టీరియో కేబుల్ ఒకటి. 5 మీటర్లదైనా ఇబ్బంది లేదు.

కార్డ్ పెట్టాక విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్, మోర్ సౌండ్ సెట్టింగ్స్ వరకూ వెళ్లండి. రికార్డింగ్ ట్యాబ్‌లో ‘లైన్ ఇన్’ మీద రెండుసార్లు క్లిక్ చేసి, లిజన్ ట్యాబ్‌లో ‘లిజన్ టు దిస్ డివైస్’ టిక్ పెట్టి, కింద మీ స్పీకర్లని ఎంచుకోండి. పొరపాటున ల్యాప్‌టాప్ సొంత మైక్‌కి టిక్ పెడితే గది మొత్తం కీచుమంటుంది. అదే ట్యాబ్‌లో బ్యాటరీ మీద కూడా కొనసాగాలన్న ఆప్షన్‌నే ఉంచండి. రెండోదైతే చార్జర్ తీయగానే సౌండ్ ఆగిపోతుంది. అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో లైన్ ఇన్‌కీ స్పీకర్లకీ ఒకే రేటు, 48000 హెర్ట్జ్, పెట్టండి. ఏమీ వినిపించకపోతే ప్రైవసీ సెట్టింగ్స్‌లో మైక్రోఫోన్ అనుమతి ఆఫ్‌లో ఉందేమో చూడండి. విండోస్ లెక్కలో లైన్ ఇన్ కూడా మైక్ కిందికే వస్తుంది. మూత వేసినా నడవాలంటే పవర్ ఆప్షన్స్‌లో మూత మూసినప్పుడు ‘డూ నథింగ్’ అని పెట్టుకోవాలి.

టీవీ వాల్యూమ్‌ని 60, 70 దగ్గర స్థిరంగా ఉంచి, పెంచడం తగ్గించడం స్పీకర్ల దగ్గర చేసుకోండి. టీవీ మరీ తక్కువలో ఉంటే బుస్సుమనే శబ్దం పెరుగుతుంది, పూర్తిగా పెంచితే గొంతులు పగులుతాయి.

ప్రశ్న: టీవీని బ్లూటూత్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపాను. సౌండ్ వస్తోంది గానీ పెదాలు కదిలాక కాసేపటికి మాట వినిపిస్తోంది. టీవీలో ‘ఆడియో డిలే’ మార్చినా తగ్గలేదు.
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఆ సెట్టింగ్ సౌండ్‌ని ఇంకా ఆలస్యం చేయగలదు గానీ ముందుకు తేలేదు, సున్నాలో పెట్టేయండి. మాట బొమ్మ కంటే 125 మిల్లీసెకన్ల కంటే ఎక్కువ వెనకబడితే చూసేవాళ్లు పసిగడతారని ప్రసార ప్రమాణాలు చెబుతాయి. బ్లూటూత్ ఒక్కటే చాలాసార్లు దీన్ని దాటేస్తుంది, దాని మీద ల్యాప్‌టాప్ ఆలస్యం అదనం. స్పీకర్లు కూడా బ్లూటూత్‌వే అయితే ఇక చెప్పేదేముంది! పాటలకు ఫర్వాలేదు, సినిమాకూ క్రికెట్‌కూ వైరే వేయండి. వైరు వేసినా కొద్ది తేడా ఉంటే సౌండ్ ప్రాపర్టీస్‌లో ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నీ ఆఫ్ చేయండి.

ప్రశ్న: కేబుల్ పెట్టగానే స్పీకర్లలో గుయ్యిమని ఒకటే మోత.
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ల్యాప్‌టాప్ చార్జర్ తీసి వినండి. మోత ఆగితే చార్జర్ ఎర్త్, టీవీ వైపు ఎర్త్ కలిసి చుట్టు కట్టాయని అర్థం. ఆగకపోతే సెట్‌టాప్ బాక్స్ వెనక కేబుల్‌వాళ్ల వైరు విప్పి చూడండి, ఆ వైరు మీదుగా కూడా ఇంకో ఎర్త్ వస్తుంది. ముందుగా టీవీ, ల్యాప్‌టాప్, స్పీకర్లు మూడింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదికి మార్చండి. అయినా పోకపోతే ఆడియో కేబుల్ మధ్యలో ఈ చుట్టును తెంపే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ పెట్టండి. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్నును విరిచేయడం కొందరు చెప్పే చిట్కా. మోత పోవచ్చు గానీ షాక్ నుంచి కాపాడేది ఆ పిన్నే, దాని జోలికి పోవద్దు.

ప్రశ్న: మా కొత్త టీవీకి హెడ్‌ఫోన్ జాక్ లేదు, ఆప్టికల్ ఒక్కటే ఉంది.
– ఒక పాఠకురాలు, నాచారం

జవాబు: ఆప్టికల్ నుంచి అనలాగ్‌కి మార్చే కన్వర్టర్ డబ్బా తీసుకోండి, కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచే ఇవ్వొచ్చు. ఆప్టికల్ కేబుల్ చివర్లకున్న ప్లాస్టిక్ టోపీలు తీసిన తర్వాతే పెట్టాలి. టీవీ ఆన్‌లో ఉండగా రెండో చివర ఎర్రటి వెలుగు కనిపిస్తే సిగ్నల్ వస్తున్నట్టు. అయినా సౌండ్ లేకపోతే టీవీలో డిజిటల్ అవుట్‌పుట్ ‘ఆటో’లోనో ‘డాల్బీ’లోనో ఉన్నట్టు. దాన్ని కన్వర్టర్‌కి అర్థమయ్యే మామూలు రూపం ‘పీసీఎం’కి మార్చండి.