కారేది ఒకచోట, దూరేది ఒకచోట

అల్లుడూ,

మొన్న నీ క్యాంపర్ ట్రెయిలర్ (కారు వెనక తగిలించుకోని పొయ్యే బండి ఇల్లు) చూసి, ఇంటినిండా చుట్టాలుండారని నోరు మూసుకోని వచ్చేసినా. ఇప్పుడు చెప్తా. పడక మీద చుక్కలు పడతా ఉండాయని, సరిగ్గా దానికి నెత్తిన రెండు ట్యూబుల సిలికాన్ పూసినావే, అది దండగ పని. కప్పు రేకు కింద దూరిన నీళ్ళు ఫ్రేము పట్టుకోని ఆరడుగులైనా పారతాయి, ఎక్కడ బొక్క దొరికితే అక్కడ దిగతాయి.

ముప్పై ఏండ్లు బస్సు బాడీలు కట్టినోణ్ణి. నడిమధ్య రేకు కారింది నేను చూసింది తక్కువ. అంచు పట్టీలు, పైన గాలి కిటికీ చుట్టూ, ఏసీ కింద, సోలార్ పలకల స్క్రూలు, వెనక లైట్లు, దొంగ ఈడనే ఉంటాడు. హోస్ పైపు తీసుకో, వేలు అడ్డం పెట్టి చిమ్మొద్దు, ఊరికే పారనియ్యి. కింది అతుకు కాణ్ణించి మొదలుపెట్టి ఒక్కోచోట ఐదు నిమిషాలు ఆగి పైకి పో. పైనుంచి పోస్తే అన్ని అతుకులూ తడిసి, ఏది కారిందో తేలదు. లోపల టార్చి ఇచ్చి మీ అమ్మను కూర్చోబెట్టు. దాని కంటికి చుక్క తప్పించుకోదు.

చలికాలం హార్స్‌లీ కొండ మీద పండుకోని లేస్తే పైన తడి కనబడుతుంది. వాన లేకుండా వచ్చిందంటే అది మీ ఊపిరి ఆవిరే. కిటికీ రవ్వంత తెరిచి పండుకోండి, అంతే.

ఇంక రిపేరీ. సిలికాన్ మీద ఇంకే మందూ అంటుకోదు. వెనిగర్ వాసన వచ్చే రకమైతే రేకునే తింటుంది. ప్లాస్టిక్ ముక్కతో అంతా గీకెయ్. పైన గాలి కిటికీ ఫ్రేము ఊడదీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, దాని కింద బ్యూటైల్ టేపు, అంటే బంక మాదిరి మెత్తటి రబ్బరు టేపు, వెయ్యి. అసలు కాపు అదే, పైన పూసేది కాదు. తుప్పు పట్టని స్టీలు స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించు, టేపు అంచుల్లో బయటికొచ్చే దాకా. మర్నాడు ఇంకోసారి బిగించి, అప్పుడు స్క్రూ తలల మీద తనంతట పరుచుకునే ల్యాప్ సీలెంట్ పొయ్యి. పక్క గోడలకు ఆ రకం పనికిరాదు, జారిపోతుంది. నీది అల్యూమినియం రేకు గాబట్టి సరిపోయింది. రబ్బరు కప్పయితే పెట్రోలు, థిన్నర్ తగలకూడదు, ఉబ్బుతుంది.

ఎపాక్సీ ముద్ద మాత్రం మెత్తొద్దు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు గదా. 4 మీటర్ల అల్యూమినియం రేకు 40 డిగ్రీల తేడాకు 3.5 మిల్లీమీటర్లకు పైనే సాగుతుంది. దాంతోపాటు సాగేదే నిలబడుతుంది, రాయి మాదిరి గట్టిపడేది చిట్లుతుంది.

తొందర మాత్రం పడొద్దు. ఒకసారి తడి ప్లైవుడ్ ఆరకముందే పైన మూసేసినా. ఎనిమిది నెలలకు బొటనవేలు పెడితే సీలింగ్‌లోకి దిగింది. ఆ బస్సు కప్పు మొత్తం నా సొంత డబ్బుతోనే మళ్ళీ కట్టినా. లోపలి పలక విప్పి, ఫ్యాను పెట్టి, వారమైనా ఆరనియ్యి. నొక్కితే మెత్తగా ఉన్న చెక్క ఎంత ఆరినా పనికిరాదు, కోసెయ్.

మా అవ్వగారింట్లో ఏటా వానలకు ముందే మట్టి మిద్దె మీద చవుడు పరిచేవాళ్ళు. నువ్వూ అట్ల ఎండలు పోయినాక ఒకసారి, చిత్త కార్తెకు ముందు ఒకసారి పైకెక్కి చూసుకో. మనకు గట్టి వానలు అక్టోబరు నుంచే, 2021 నవంబరులో తిరుపతి ఎట్ల మునిగిందో చూసినావు గదా. ఎక్కేటప్పుడు పలక వేసి దాని మీద నడువు. వేపచెట్టు కింద నిలిపితే ఆకులు కాలువలో పడి కుళ్ళుతాయి. అలిపిరి పక్క కోతులు దూకి దూకి కిటికీ మూత పగలగొట్టినా ఆశ్చర్యం లేదు. నిలిపేటప్పుడు ఒక పక్కకు రవ్వంత వాలుగా పెట్టు. ప్రెషర్ వాష్ అతుకుల దగ్గరికి తేవద్దు.

ఆదివారం పొద్దున్నే నిచ్చెన తీసుకోని వస్తా. ఆ లోపు సిలికాన్ గీకి పెట్టుకో, అది నా చేత గీకించొద్దు.

మీ మామ